మీ చిన్న ఓపెన్ సోర్స్ టూల్‌తో ఆదాయం వస్తుందా? తేల్చుకోవడం ఎలా

"నా టూల్‌కి వాడేవాళ్లు ఉన్నారు, ఇష్యూలు (యూజర్లు రాసే ఫిర్యాదులు, అభ్యర్థనలు) రోజూ వస్తూనే ఉన్నాయి. దీని మీద బతకొచ్చా?" ఓపెన్ సోర్స్ టూల్ (కోడ్‌ని అందరికీ తెరిచి ఇచ్చిన సాఫ్ట్‌వేర్) రాసినవాళ్లు ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇది. అడిగేవాళ్లలో చాలామందిది చిన్న లోకం: ఒకే ప్రోగ్రామింగ్ భాష, ఒకే ఫ్రేమ్‌వర్క్, లేదా ఒకే రకం పని. పీడీఎఫ్ తయారుచేసే లైబ్రరీ (ఇతరులు తమ ప్రోగ్రాముల్లో కలుపుకునే కోడ్), బ్యాక్‌గ్రౌండ్ జాబ్‌లు (యూజర్‌ని ఆపకుండా వెనక జరిగే పనులు) నడిపే టూల్, డాక్యుమెంటేషన్ థీమ్ లాంటివి. లక్షల మంది యూజర్లు ఎప్పటికీ రారు. అయినా ఆదాయం రావచ్చు. వస్తుందో రాదో ఉద్యోగం మానేశాక కాదు, మానకముందే తేల్చుకోవచ్చు. అది ఎలాగో ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- గత ఏడాదిలో వచ్చిన ఇష్యూలు, మెయిళ్లు, చాట్‌లో అడిగిన ప్రశ్నలు. మూసేసినవి కూడా.
- ఎవరెవరు కోడ్ ఇచ్చారో జాబితా. రెండు లైన్ల మార్పు ఇచ్చినవాళ్లు కూడా ఇందులో ఉండాలి.
- మీరు ఉద్యోగంలో ఉంటే మీ ఉద్యోగ ఒప్పందం. పని వేళల బయట రాసిన కోడ్ మీద కూడా కంపెనీకి హక్కు ఇచ్చే షరతు కొన్ని ఒప్పందాల్లో ఉంటుంది. అది ఉంటే ముందు రాతపూర్వక అనుమతి తీసుకోండి, ఆ తర్వాతే మిగతావన్నీ.
- మూడు నెలల పాటు వారానికి ఒక పూర్తి రోజు. కోడ్ రాయడానికి కాదు, మనుషులతో మాట్లాడటానికి.

1. మీకు కావాల్సిన అంకె నుంచి వెనక్కి లెక్క వేయండి

"ఎంత వస్తే అంత" అనుకుని మొదలుపెట్టకండి. ఏడాదికి ఎంత వస్తే ఈ పనిని కొనసాగించగలరో ఒక అంకె రాయండి. ఉదాహరణకు 60,000 డాలర్లు అనుకుందాం.

- నెలకు 5 డాలర్లు ఇచ్చే వ్యక్తులతో అయితే 1,000 మంది కావాలి.
- ఏడాదికి 1,000 డాలర్లు ఇచ్చే కంపెనీలతో అయితే 60 కావాలి.
- ఏడాదికి 10,000 డాలర్ల ఒప్పందాలతో అయితే 6 చాలు.

ఇప్పుడు మీ టూల్ వాడగలిగే టీమ్‌లు ప్రపంచం మొత్తం మీద ఎన్ని ఉంటాయో అంచనా వేయండి. మూడు వేలు అనుకుంటే వాటిలో వెయ్యి మందిని పట్టుకోవడం జరిగే పని కాదు. అరవై మందిని పట్టుకోవడం కష్టమే కానీ సాధ్యమే. చిన్న మార్కెట్‌లో బతుకుతున్న టూల్స్ దాదాపు అన్నీ రెండో, మూడో వరుసలోనే ఉంటాయి. తక్కువ మంది, ఎక్కువ ధర, కొనేది వ్యక్తి కాదు సంస్థ.

సైడ్‌కిక్ దీనికి మంచి ఉదాహరణ. రూబీ భాషలో బ్యాక్‌గ్రౌండ్ జాబ్‌లు నడిపే ఈ టూల్‌ని మైక్ పెరమ్ 2012లో విడుదల చేశాడు. ఉద్యోగులెవరినీ పెట్టుకోకుండా ఒక్కడే ఏళ్ల తరబడి దాన్ని వ్యాపారంగా నడిపాడు. అసలు టూల్ ఉచితం, ప్రో, ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్లకు కంపెనీలు డబ్బు కడతాయి. ఎలిక్సిర్ అనే ప్రోగ్రామింగ్ భాష లోకం ఇంకా చిన్నది. అక్కడ ఓబన్ అనే ఇలాంటి టూల్ కూడా ఇదే దారిలో ప్రో ఎడిషన్ అమ్ముతోంది. కాబట్టి "మా భాష చాలా చిన్నది" అన్న ఒక్క కారణంతో వదిలేయాల్సిన పనిలేదు.

2. నిజంగా ఎవరు వాడుతున్నారో లెక్కపెట్టండి

కోడ్ పంచుకునే సైట్ గిట్‌హబ్‌లో స్టార్ అంటే "తర్వాత చూద్దాం" అని పెట్టుకున్న గుర్తు. దానికీ వాడకానికీ పెద్దగా సంబంధం లేదు. డౌన్‌లోడ్ లెక్కలు ఇంకా మోసం చేస్తాయి. ఒకే టీమ్ టెస్ట్ సర్వర్ రోజుకు యాభైసార్లు బిల్డ్ నడిపితే యాభై డౌన్‌లోడ్లు పడొచ్చు. మీ ప్యాకేజీ ఇంకేదో పెద్ద ప్యాకేజీ లోపల డిపెండెన్సీగా (అది నడవడానికి అవసరమైన భాగంగా) ఉంటే ఆ లెక్కకు అర్థమే ఉండదు. మీ పేరు కూడా తెలియని వాళ్లు మీ నుంచి ఏదీ కొనరు.

వాటికి బదులు ఇవి చూడండి:

- ఇష్యూలు పెట్టినవాళ్ల ప్రొఫైళ్లలో కంపెనీ పేర్లు. కమిట్‌లలో (కోడ్ మార్పుల నమోదుల్లో) కనిపించే మెయిల్ డొమైన్లు.
- గిట్‌హబ్‌లో మీ రిపాజిటరీ (ప్రాజెక్ట్ కోడ్ ఉండే చోటు) మీద ఆధారపడ్డ ప్రాజెక్టుల జాబితా. ఇందులో పబ్లిక్ రిపాజిటరీలే కనిపిస్తాయి, అది గుర్తుంచుకోండి.
- ఉద్యోగ ప్రకటనల్లో మీ టూల్ పేరు. ఇది కనిపించిందంటే చాలా మంచి సూచన. ఆ కంపెనీ దాన్ని ప్రొడక్షన్‌లో (అసలు కస్టమర్లు వాడే సిస్టమ్‌లో) నడుపుతోందన్నమాట.
- "అప్‌గ్రేడ్ చేశాక మా ప్రొడక్షన్ ఆగిపోయింది" అని రాసిన ఇష్యూలు. చదవడానికి బాధగా ఉంటుంది, కానీ డబ్బు కట్టే మనుషులు ఎక్కువగా వీళ్లలోనే దొరుకుతారు.

హెచ్చరిక: వాడకం తెలుసుకోవడానికి చెప్పాపెట్టకుండా టెలిమెట్రీ (వాడకం సమాచారాన్ని మీకు పంపే కోడ్) చొప్పించకండి. డెవలపర్లు దాన్ని కచ్చితంగా పట్టుకుంటారు. పోయిన నమ్మకం ఆ తర్వాత ఎంత వివరణ ఇచ్చినా తిరిగి రాదు. రీడ్‌మీలో (ప్రాజెక్ట్ పరిచయం ఫైల్‌లో) "మీరు వాడుతుంటే చెప్పండి" అని ఒక లైన్ పెట్టినా సరిపోతుంది.

ఈ మెట్టు చివర మీ దగ్గర కనీసం ఇరవై కంపెనీల పేర్లు ఉండాలి. ఐదు కూడా దొరక్కపోతే ఇక్కడే ఆగండి. టూల్ ఇంకా అమ్మే దశకు రాలేదు.

3. మాట్లాడండి. ఈ మెట్టు దాటేయకండి

డెవలపర్లలో ఎక్కువమంది దాటేసేది దీన్నే. మొహమాటం ఒక కారణం, కోడ్ రాయడం సుఖంగా ఉండటం రెండో కారణం. ఆ ఇరవై కంపెనీల్లో మీకు తెలిసిన పేర్లకు ఇలా రాయండి:

"నమస్తే. మార్చిలో మీరు పెట్టిన రీట్రై ఇష్యూ చూసినప్పటి నుంచి అడగాలనుకుంటున్నాను. మీ టీమ్ ఈ టూల్‌ని ఏ పనికి వాడుతోంది? అది ఒక పూట ఆగిపోతే మీకు ఏమవుతుంది? ఇరవై నిమిషాలు మాట్లాడగలరా? ఇప్పుడు నేను ఏమీ అమ్మడం లేదు."

చివరి వాక్యం రాశారంటే ఆ ఫోన్‌లో నిజంగానే ఏమీ అమ్మకండి. ఇవి అడగండి:

- ఈ టూల్ చుట్టూ మీరు సొంతంగా రాసుకున్న కోడ్ ఏముంది?
- గత ఆరు నెలల్లో దీని వల్ల ఎవరి సమయం ఎంత పోయింది?
- ఇలాంటి వేరే టూల్స్‌కి మీ టీమ్ డబ్బు కడుతోందా? దేనికి? ఎవరు సంతకం పెడతారు?

మొదటి ప్రశ్నకు వచ్చే జవాబే అన్నిటికన్నా విలువైనది. ముగ్గురు వేర్వేరు కంపెనీల వాళ్లు "ఫెయిలైన జాబ్‌లు చూడటానికి మేమే ఒక డాష్‌బోర్డ్ రాసుకున్నాం" అన్నారనుకోండి, మీరు అమ్మాల్సింది ఏదో వాళ్లే చెప్పేశారు.

ఏ జవాబును లెక్కలోకి తీసుకోవాలో జాగ్రత్తగా చూడండి. "చాలా బాగుంది, పెయిడ్ వెర్షన్ పెడితే తప్పకుండా కొంటాం" అన్న మాటను సున్నాగా రాసుకోండి. "మా మేనేజర్‌ని కాల్‌లోకి తెస్తాను" అన్నది సగం. "ఇన్‌వాయిస్ ఎవరి పేరు మీద వస్తుంది?" అని అడిగారంటే అది పూర్తి మార్కు.

4. ఏది అమ్మాలో ఎంచుకోండి

టూల్ స్వభావాన్ని బట్టి దారి మారుతుంది. నచ్చిన దారి కాదు, నప్పే దారి చూడండి.

*విరాళాలు.* చిన్న మార్కెట్‌లో దీన్ని ప్రధాన ఆదాయంగా నమ్ముకోకండి. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు తెలిసిందేమిటి? ఇంటర్నెట్‌లో పెద్ద భాగం ఆధారపడ్డ ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కి అంతవరకు నేరుగా వస్తున్న విరాళాలు ఏడాదికి సుమారు 2,000 డాలర్లు. అంత పెద్ద టూల్‌కే అంతే వస్తే, దయ మీద లెక్క వేసుకోవడం ఎంత ప్రమాదమో చూడండి.

*స్పాన్సర్లకు ప్రత్యేకంగా ఏదైనా ఇవ్వడం.* ఇది విరాళం కాదు, అమ్మకమే. లైవ్‌వైర్ అనే వెబ్ టూల్ రాసిన కేలబ్ పోర్జియో కొన్ని వీడియో పాఠాలను స్పాన్సర్లకు మాత్రమే చూపించి, 2020 నాటికి గిట్‌హబ్ స్పాన్సర్స్ ద్వారా ఏడాదికి లక్ష డాలర్ల స్థాయి దాటాడు. మెటీరియల్ ఫర్ ఎంకేడాక్స్ అనే డాక్యుమెంటేషన్ థీమ్ కొత్త ఫీచర్లను ముందు స్పాన్సర్లకు ఇచ్చి, నిధుల లక్ష్యం చేరాక అందరికీ విడుదల చేసే పద్ధతిలో ఏళ్ల పాటు నడిచింది. రోజూ కంటికి కనిపించే టూల్‌కి ఇది బాగా కుదురుతుంది.

*సపోర్ట్, భరోసా.* ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ కోడ్ పబ్లిక్ డొమైన్‌లో ఉంది. ఎవరైనా ఏమైనా చేసుకోవచ్చు. అయినా దాన్ని రాసినవాళ్లు లైసెన్స్ పత్రం అమ్ముతారు, సపోర్ట్ ఒప్పందాలు అమ్ముతారు, ఎన్‌క్రిప్షన్ ఎక్స్‌టెన్షన్‌ని విడిగా అమ్ముతారు. కోడ్ ఉచితమని తెలిసి కూడా కొనేవాళ్లు ఎందుకుంటారు? వాళ్ల లీగల్ విభాగానికి ఒక కాగితం కావాలి, రాత్రి పూట సమస్య వస్తే ఎత్తే ఫోన్ నంబర్ కావాలి. చిన్న టీమ్‌కి ఇది తొందరగా డబ్బు తెచ్చే దారే, కానీ మీ సమయాన్ని తినేస్తుంది. "24 గంటల్లో జవాబు" అని ఒక్కరే ఉండి ఎప్పుడూ రాయకండి. "రెండు పని దినాల్లో" అని రాసి, ఒక్క రోజులో ఇవ్వండి.

*ఓపెన్ కోర్.* అసలు టూల్ ఉచితం, పైన పెయిడ్ భాగం. సైడ్‌కిక్, ఓబన్ దారి. సర్వర్‌లో నడిచే లైబ్రరీలకు, టీమ్‌లు వాడే టూల్స్‌కి నా ఓటు దీనికే.

*రెండు లైసెన్సులు.* ఏజీపీఎల్ (కలిపి పంచినా, మార్చి సర్వీస్‌గా నడిపినా కోడ్ తెరవాలనే లైసెన్స్) కింద ఉచితం, దాని షరతులు వద్దనుకునేవాళ్లకు కమర్షియల్ లైసెన్స్. పీడీఎఫ్ టూల్స్ ఐటెక్స్ట్, గోస్ట్‌స్క్రిప్ట్ ఈ పద్ధతిలోనే ఉన్నాయి. మీ కోడ్‌ని వేరే కంపెనీ తన ప్రొడక్ట్‌లో కలిపి కస్టమర్లకు పంపే, లేదా మార్చి నెట్‌వర్క్ మీద సర్వీస్‌గా ఇచ్చే రకమైతేనే ఇది పనిచేస్తుంది. డెవలపర్ తన మెషిన్‌లో మాత్రమే వాడే కమాండ్ లైన్ టూల్‌కి ఇది పెట్టినా ఎవరూ కొనాల్సిన అవసరం పడదు.

*హోస్టింగ్.* వెబ్‌సైట్ సందర్శకుల లెక్కలు చూపే ప్లాజిబుల్ అనలిటిక్స్ ఏజీపీఎల్ కోడ్ పెట్టి, తానే నడిపే సర్వీస్‌కి సబ్‌స్క్రిప్షన్ తీసుకుంటుంది. సర్వర్ నడపడం ఇబ్బందిగా ఉండే టూల్స్‌కి సహజమైన దారి. లైబ్రరీకి మాత్రం హోస్టింగ్ అంటూ ఏమీ ఉండదు, బలవంతాన కల్పించకండి.

*కోర్సులు, టెంప్లేట్లు.* ఇప్పుడు ఇక్కడ జాగ్రత్త అవసరం. డాక్యుమెంటేషన్ పేజీకి వచ్చినవాళ్లే పెయిడ్ ప్రొడక్ట్‌ని చూస్తారన్న ఊహ మీద ఈ దారి నిలబడింది. ఇప్పుడు డెవలపర్లు ఆ ప్రశ్నలను ఏఐ అసిస్టెంట్‌ని అడుగుతున్నారు, పేజీ తెరవడం లేదు. వాడకం పెరుగుతూనే ఉన్నా అమ్మకాలు పడిపోయే పరిస్థితి ఇది. ఈ దారిలో పోతే కొనేవాళ్ల మెయిల్ జాబితా సొంతంగా కట్టుకోండి, సైట్‌కి వచ్చే జనం మీద మాత్రమే ఆధారపడకండి.

5. ఉచితానికీ డబ్బుకీ మధ్య గీత గీయండి

నా సూత్రం ఇది: ఒక్క డెవలపర్ పని పూర్తిచేసుకోవడానికి కావాల్సినదంతా ఉచితం. పదిమంది టీమ్, ఆడిట్, నిర్వహణ వచ్చినప్పుడు కావాల్సినవి డబ్బుకి.

దగ్గరగా చూద్దాం. జాబ్‌ని క్యూలో వేయడం, నడపడం, ఫెయిలైతే మళ్లీ ప్రయత్నించడం – ఇవి లేకపోతే టూల్ టూల్ కాదు, ఉచితంగా ఉండాల్సిందే. వెయ్యి జాబ్‌లను ఒక గుంపుగా పంపి, అన్నీ ముగిశాక మాత్రమే తర్వాతి పని నడపడం – ఇది సరదాగా ప్రాజెక్ట్ చేసుకునేవాళ్లకు అక్కర్లేదు, నెలాఖరున వేలమందికి ఇన్‌వాయిస్‌లు తయారుచేసే కంపెనీకి కావాలి. సైడ్‌కిక్ ప్రోలో ఉన్న బ్యాచ్‌లు ఇలాంటివే. సింగిల్ సైన్-ఆన్ (ఒకే లాగిన్‌తో అన్నీ వాడటం), ఎవరు ఏం మార్చారో చూపే ఆడిట్ లాగ్, పాత వెర్షన్లకు సుదీర్ఘ సపోర్ట్ కూడా ఈ వైపే వస్తాయి.

మూడు విషయాల్లో మాత్రం రాజీ పడొద్దు:

- ఇప్పటికే ఉచితంగా ఇచ్చినదాన్ని పెయిడ్ వైపుకి లాక్కోకండి. పెయిడ్ భాగం కొత్తదై ఉండాలి.
- సెక్యూరిటీ సవరణలను డబ్బు కట్టినవాళ్లకు మాత్రమే ఇవ్వకండి.
- మంచి పుల్ రిక్వెస్ట్ (బయటివాళ్లు పంపే కోడ్ మార్పు) వస్తే, అది మీ పెయిడ్ ఫీచర్‌కి పోటీ అన్న కారణంతో ఏళ్ల తరబడి నాన్చకండి. వద్దనుకుంటే కారణం చెప్పి మూసేయండి. గీత ఎక్కడుందో రీడ్‌మీలో ముందే రాసి ఉంటే ఈ గొడవ చాలావరకు రాదు.

6. లైసెన్స్, హక్కులు, పేరు

ఎంఐటీ, అపాచీ లాంటి సడలింపు లైసెన్సుల కింద ఇచ్చిన కోడ్ పక్కన మీ పెయిడ్ భాగాన్ని విడిగా అమ్ముకోవడానికి అడ్డు లేదు. రెండు లైసెన్సుల దారికి మాత్రం కోడ్ మొత్తం మీద మీకు హక్కు ఉండాలి. ఏజీపీఎల్ లాంటిదే అయిన జీపీఎల్ కింద ఇతరులు ఇచ్చిన కోడ్‌ని వాళ్ల అనుమతి లేకుండా కమర్షియల్ లైసెన్స్ కింద అమ్మలేరు. ముందు అడిగిన కంట్రిబ్యూటర్ల జాబితా ఇందుకే. అనుమతి దొరకనివాళ్ల భాగాన్ని తిరిగి రాయాలి. ఇకపై వచ్చే కోడ్‌కి కంట్రిబ్యూటర్ ఒప్పందం పెట్టుకోండి.

లైసెన్స్‌ని మధ్యలో బిగించాలన్న ఆలోచన వస్తే పెద్దవాళ్లకు ఏమైందో చూడండి. సెర్చ్ టూల్ తయారుచేసే ఎలాస్టిక్ 2021లో మార్చింది, ఓపెన్‌సెర్చ్ అనే ఫోర్క్ (అదే కోడ్ నుంచి వేరుగా నడిపే ప్రాజెక్ట్) పుట్టింది. హాషికార్ప్ 2023లో మార్చింది, సర్వర్లను ఏర్పాటు చేసే దాని టూల్ టెర్రాఫార్మ్ నుంచి ఓపెన్‌టోఫు వచ్చింది. డేటా నిల్వ టూల్ రెడిస్ 2024లో మార్చింది, వాల్‌కీ వచ్చింది. ఎలాస్టిక్ 2024లో, రెడిస్ 2025లో ఏజీపీఎల్‌ని ఒక ఎంపికగా చేర్చి, మళ్లీ ఓపెన్ సోర్స్ వైపుకి వచ్చాయి. వాళ్ల భయం పెద్ద క్లౌడ్ కంపెనీలు తమ కోడ్‌ని సర్వీస్‌గా అమ్ముకోవడం. మూడు వేల టీమ్‌ల మార్కెట్ మీద ఆ కంపెనీల కన్ను పడే అవకాశం చాలా తక్కువ. లేని శత్రువు కోసం ఉన్న యూజర్లను దూరం చేసుకోకండి.

టూల్ పేరును ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయడం దీనికన్నా మంచి రక్షణ. లైసెన్స్ కోడ్‌ని ఇస్తుంది, పేరుని ఇవ్వదు.

యూరప్ కంపెనీలకు అమ్మేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. అక్కడి సైబర్ రెజిలియన్స్ యాక్ట్ (సాఫ్ట్‌వేర్ భద్రత చట్టం) 2024 డిసెంబరులో అమల్లోకి వచ్చింది, ప్రధాన బాధ్యతలు 2027 డిసెంబరు నుంచి వర్తిస్తాయి. వ్యాపారం కోసం కాని ఓపెన్ సోర్స్‌కి మినహాయింపు ఉంది. డబ్బు తీసుకుని అమ్మే సాఫ్ట్‌వేర్‌కి మాత్రం తయారీదారు బాధ్యతలు వస్తాయి. పెయిడ్ ఎడిషన్ పెట్టేముందు తెలిసిన లాయర్‌తో ఒకసారి మాట్లాడండి.

7. పూర్తిగా తయారుచేయకముందే అమ్మండి

మూడో మెట్టులో పూర్తి మార్కు వచ్చిన కంపెనీలకు ఒక పేజీ ప్రతిపాదన పంపండి: ఏం ఇస్తారు, ఎప్పటికి ఇస్తారు, ఏడాదికి ఎంత, గడువుకి ఇవ్వలేకపోతే డబ్బు వాపసు. మొదటి కస్టమర్లకు ధర తగ్గించవచ్చు, కానీ ఉచితంగా మాత్రం ఇవ్వకండి. ఉచితంగా ఇస్తే మీకు తెలియాల్సిన ఒకే ఒక్క విషయం తెలియకుండా పోతుంది.

ముగ్గురు ముందుగా డబ్బు కడితే తయారుచేయడం మొదలుపెట్టండి. ఒక్కరూ కట్టకపోతే వస్తువైనా తప్పు, ధరైనా తప్పు, అడిగిన మనిషైనా తప్పు. మళ్లీ మూడో మెట్టుకి వెళ్లండి, కోడ్ దగ్గరికి కాదు.

8. కొనడం తేలిక చేయండి

ధరను పబ్లిక్‌గా పెట్టండి. "మమ్మల్ని సంప్రదించండి" అన్న బటన్ చూసి వెళ్లిపోయే డెవలపర్లే ఎక్కువ. ఒక మేనేజర్ తన అధికారంతో కార్డు మీద కొనగలిగే ధర ఒకటి, పర్చేజ్ ఆర్డర్ ద్వారా కొనే పెద్ద ధర ఒకటి ఉంటే చాలు. పన్నుల లెక్క మీరు చూసుకోలేకపోతే మీ తరఫున అమ్మకందారుగా ఉండి దేశదేశాల పన్నులు కట్టే ప్యాడిల్ లాంటి సర్వీస్ వాడండి. పెయిడ్ ప్యాకేజీని ప్రైవేట్ ప్యాకేజీ సర్వర్ ద్వారా, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో ఇవ్వండి. పైరసీ ఆపడానికి బరువైన లైసెన్స్ తనిఖీలు పెడితే వాటి వల్లే కస్టమర్ ప్రొడక్షన్ ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

ధర మరీ తక్కువ పెట్టడం మొదటిది. ఏడాదికి 50 డాలర్లు కట్టే కంపెనీ కూడా 1,000 కట్టే కంపెనీ అడిగినన్ని ప్రశ్నలే అడుగుతుంది, కొనుగోలు ఫారాలు కూడా అన్నే నింపిస్తుంది.

అందరికన్నా గట్టిగా అరిచే ఉచిత యూజర్ మాట విని పెయిడ్ ఫీచర్ తయారుచేయడం రెండోది. అరవడం, కొనడం వేరువేరు పనులు.

ఒక్క పెద్ద కస్టమర్ నుంచే సగానికి పైగా ఆదాయం రావడం మూడోది. మొదట్లో హాయిగా ఉంటుంది, తర్వాత వాళ్ల రోడ్‌మ్యాపే మీ రోడ్‌మ్యాప్ అవుతుంది.

పనిచేస్తోందో లేదో చూసుకోవడం

మూడు నెలలకు: డబ్బు కట్టిన కంపెనీలు మూడున్నాయా? వాటిలో మీకు ముందు పరిచయం లేనిది కనీసం ఒకటైనా ఉందా? స్నేహితులు కొన్నది లెక్కలో వేయకండి.

ఆరు నెలలకు: మీరు మెయిల్ రాయకుండా, ధరల పేజీ చూసి తమంతట తాము కొన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఒక్కో కస్టమర్‌కి నెలలో ఎన్ని గంటలు పోతున్నాయి? ఆ గంటల విలువ వాళ్లు కట్టేదానికన్నా ఎక్కువైతే ధర పెంచాలి, లేదా సపోర్ట్ పరిధి తగ్గించాలి.

ఏడాదికి: రెన్యూవల్. అసలు పరీక్ష ఇదే. మొదటిసారి కొనడంలో అభిమానం కూడా కలిసి ఉండొచ్చు, రెండోసారి బడ్జెట్‌లో లైన్ ఉంటేనే కొంటారు. ఎక్కువమంది రెన్యూ చేస్తుంటే ఉద్యోగం గురించి ఆలోచించవచ్చు. సగంమంది వెళ్లిపోతే కొత్త కస్టమర్ల వెంట పడకుండా వెళ్లినవాళ్లతో మాట్లాడండి.

లెక్క కుదరకపోతే మిగిలే దారులు: ఆ టూల్ మీద ఆధారపడ్డ ఒకట్రెండు కంపెనీలతో నెలకు కొన్ని గంటల రిటైనర్ ఒప్పందం చేసుకోవచ్చు, లేదా ఆ టూల్‌ని వాడుతున్న కంపెనీలోనే పని వేళల్లో దాన్ని నిర్వహించే ఉద్యోగం అడగొచ్చు. రెండూ కుదరకపోతే వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలరో, ఏ రకం ఇష్యూలు చూడలేరో రీడ్‌మీ పైభాగంలో రాసి పెట్టండి, సహ మెయింటెయినర్ కోసం వెతకడం ఆ వారమే మొదలుపెట్టండి.